ముళబాగిలు దుర్గము ఎవరిది?

(తమకలో జరిగిన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత మాసమున మన సంఘమువారు కొందరు యువకులను వెంటబెట్టుకొని ముళబాగిలు కొండకోటను చూడబోయిరి. వారితో నేనును పోయితిని. ఆ యాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరినారు. చూచినది చెప్పుట కష్టము కాదు. కాని కొండ దిగి వచ్చుచుండగా మాలో ఒక యువకుడు, "ఇది తెలుగువారి కోట అని ఒక పలక వ్రాయించి ఇక్కడ నిలుపుదము" అనెను. వెంటనే నలుగురు సరే యనిరి. చందా ఎంత కావలెనో కూడ లెక్క వేసిరి. ప్రభుత్వమువారి అనుమతి లేనిదే అట్టి పలక నిలుపరాదు. అది వేరు సంగతి. అనుమతి దొరికినదే అనుకొందము. ఆ పలకమీద ఏమి వ్రాయవలెను? వ్రాసినది నిజము కావలెను గదా! నేడు నేను చెప్పబోవున దంతయు ఆ పలకను గూర్చియే.

మొదట కోట ఎక్కడ నున్నదో చూతము. తమకను ఒరసుకొని తూర్పుగా పోవు రహదారి మనకందరకు తెలిసినదే. కోలారునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున ముళబాగిలు కలదు. అక్కడినుండి నంగలి, నంగలి దాటగానే ఆంధ్రప్రదేశము, తరువాత పలమనేరు, మొగిలి కనుమ, చిత్తూరు. పీఠభూమి కనుమలలోనికి వాలుటకు పూర్వము ఈ ప్రక్కనున్న కడపటి పెద్ద పట్టణము ముళబాగిలే. మెట్టసీమకును పల్లపు సీమకును నడుమ సరకులైనను సైన్యములైనను పోవలసిన దారులలో ఇది ముఖ్యమైనది. 12వ శతాబ్దమున హొయసల విష్ణువర్ధనుని రాజ్యమునకు తూర్పు పొలిమేరగా శాసనములు పేర్కొన్నది ఈ నంగలినే. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములను ఏర్పరచినప్పుడు ఎల్లయు అక్కడనే నిలిచినది. నడుమ ఎన్నియో రాజ్యములు ఆ గీతను చెరిపి అటును ఇటును పరచుకొన్నవి. గీత మాత్రము తిరిగి తిరిగి ఆ కనుమ దరికే వచ్చి చేరినది. కోటకు ఆ చోటును ఏర్పరచినది రాజు కాదు, భూమియే.

దూరమునుండి చూచువారికి కోట కనబడదు, కొండయే కనబడును. నల్లని, బూడిదరంగు బండలు, కొన్ని ఏనుగంత, కొన్ని ఇల్లంత, ఒకదానిపై ఒకటి ఎవరో పేర్చి మరచిపోయినట్లు నిలిచియున్నవి. దగ్గరకు పోయినకొలది బండకు బండకు నడుమ గోడ కనబడుట మొదలిడును. బండ ఉన్నచోట గోడ కట్టలేదు, ఎడమున్నచోటనే కట్టినారు. ఏ బండను ఎవరును ఎక్కలేరో దానిని బురుజుగా విడిచి, ఎక్కగల సందును రాతితో మూసినారు. ఇట్టి కోటను నేలమీద కోటలవలె చతురస్రముగా గీసి చూపుట సాధ్యము కాదు. కింద పట్టణమును ఆనుకొని ఒక కోట, పైన కొండమీద ఒక కోట. కింది కోట పడినను మీది కోట నిలువగలదు. ఈ ఏర్పాటును జ్ఞాపకముంచుకొనుడు. దీని అవసరము ముందు రాగలదు.

పైకెక్కిన పిమ్మట యువకులు గోడలను చూచుచుండిరి, నేను నీటికొరకు చూచితిని. బండ నెత్తిన పల్లములలో వాననీరు నిలుచును. కొండకోటకు ప్రాణము ఆ నీరు. బండమీద పడిన వానచుక్క ఇంకదు, జారి పల్లము చేరును. ఆ పల్లమునకు అడ్డముగా నాలుగు రాళ్ళు కట్టిన చాలును, వర్షాకాలపు నీరు వేసవివరకు కొంతైన నిలుచును. కోలారు సీమ మన చెరువులు కూడ ఈ సూత్రముననే పుట్టినవి. జీవనదులు లేని సీమలో రాజును రైతును ఒకే పాఠము చదివినారు.

ఇక శిథిలావస్థను గూర్చి. గోడలు చాలచోట్ల కూలినవి. రాళ్ళ సందులలో మొలిచిన చెట్లు వేళ్ళతో మిగిలిన గోడను చీల్చుచున్నవి. బండలమీద రంగుతో వ్రాసిన పేర్లు అనేకము. కన్నడమున కలవు, తెలుగున కలవు, తమిళమున కలవు, ఇంగ్లీషున కలవు. మన దేశమున భాషాసమానత్వము ఏ అడ్డంకియు లేక అమలైన చోటు అదియొక్కటే అని నాకు తోచినది.

కోట పేరును చూడుడు. కన్నడమున బాగిలు, తమిళమున వాయిల్, తెలుగున వాకిలి. మాట ఒక్కటియే, నోళ్ళు మూడు. మూడల బాగిలు, అనగా తూర్పు వాకిలి, అదియే ముళబాగిలు అయినదని లోకమున ప్రసిద్ధమైన వ్యుత్పత్తి. పాత శాసనములలో ముళువాయి అను రూపము కనబడును. సంస్కృత కావ్యమున ఈ పట్టణమును కంటకాననము, అనగా ముండ్ల అడవి, అని పిలిచినారని పండితులు గుర్తించినారు. ముల్లు అను మాటయు మన మూడు భాషలకు ఉమ్మడి సొత్తే. కోటల చుట్టును దట్టముగా ముండ్లకంచె పెంచుట దక్షిణదేశమున వెనుకటి రక్షణపద్ధతి. తూర్పు వాకిలియో ముండ్ల వాకిలియో పండితులు తేల్చుకొందురు గాక. వాకిలి అనుటలో ఎవరికిని భేదము లేదు.

ఆ సంస్కృత కావ్యమే మన యువకుని పలకకు మూలము. దాని పేరు మధురావిజయము. వీరకంపరాయ చరితమనియు దానికి పేరు. వ్రాసినది గంగాదేవి. ఆమె భర్త కుమార కంపన, విజయనగరపు మొదటి బుక్కరాయల కుమారుడు. ముళబాగిలు ఆయన పాలించిన సీమకు ముఖ్యస్థానమై యుండెను. విజయనగరమునుండి బయలుదేరి కొన్ని దినముల పయనమున కంటకాననము చేరి, అక్కడినుండి కనుమలు దిగి శంబువరాయల సీమపైకి పోయి, పాలేటి దరినున్న విరించిపురమున విడిది చేసి, వారిని జయించి, కొంతకాలము కంచిలో నిలిచి, తరువాత మధుర సుల్తానుపై దండెత్తి గెలిచినట్లు ఆమె వర్ణించినది. మధుర విజయము 1370 ప్రాంతపుది. శ్రీరంగమునకు రంగనాథుని విగ్రహము తిరిగి చేరిన సంవత్సరము 1371. కంపన 1374లో మరణించినాడు. తండ్రికంటె ముందుగనే పోయినాడు గనుక రాజు కాలేదు. అంత పెద్ద దండయాత్రకు ఈ వాకిలి పునాదియై నిలిచినది.

గంగాదేవి తెలుగు ఆడపడుచు అని మన సభలలో తరచుగా వినుచుందుము. ఆ మాటకు ఆధారమేమి? కావ్యారంభమున వాల్మీకి కాళిదాసాది మహాకవులను స్తుతించిన పిమ్మట ఆమె తిక్కయకవిని, మన తిక్కన సోమయాజిని, స్తుతించినది. సంస్కృత కావ్యమున ఒక తెలుగు కవికి ఆ పీఠము వేయుట సామాన్యము కాదు. ఓరుగంటి ఆస్థానముతో సంబంధము కల అగస్త్యుని, విశ్వనాథుని కూడ ఆమె తలచినది. వీటినిబట్టి ఆమె తెలుగు దేశమునుండి వచ్చినదని ఊహించినవారు కలరు. ఊహ బలమైనదే. కాని అది ఊహయే. ఆమె తిక్కనను చదివినది అనుట నిశ్చయము. ఆమె పుట్టినిల్లు ఏ ఊరో ఆమె చెప్పలేదు. పలకమీద వ్రాయు మాట రాతిమీద వ్రాయు మాటవంటిది. ఊహను రాతికెక్కింపరాదు.

మరియొక సంగతి. ఆ కావ్యము శతాబ్దములు కనబడక మరుగున పడియుండెను. 1916లో తిరువనంతపురమున ఒక తాళపత్ర ప్రతిలో దొరకినది, 1924లో అచ్చైనది. దొరకినప్పటికిని అసంపూర్ణముగనే దొరకినది, నడుమ నడుమ ఆకులు పోయినవి. కన్నడ సీమలోని రాజుగారి కోడలు, బహుశః తెలుగు ఇంటి పిల్ల, తమిళసీమ యుద్ధమును సంస్కృతమున వ్రాయగా, కేరళదేశమువారు దానిని భద్రపరచినారు. ఇప్పుడు చెప్పుడు, ఆ కావ్యము ఎవరిది?

కంపన తరువాత 15వ శతాబ్దమున, ప్రౌఢదేవరాయలు అని మనము పిలుచు రెండవ దేవరాయల కాలములో, లక్కన్న దండనాయకుడు ముళబాగిలు సీమను ఏలినాడు. అతనికి దక్షిణ సముద్రాధిపతి అని బిరుదు. సముద్రము కంటికి కూడ ఆనని ఈ మెట్టసీమనుండి దక్షిణ తీరమంతటిమీద అధికారము చెల్లించినాడు. అతడే శివతత్త్వచింతామణి అను కన్నడ వీరశైవ గ్రంథమును రచించినాడు. ఆ శతాబ్దముననే మాధ్వయతి శ్రీపాదరాజులు ఈ పట్టణపు చెంతనే మఠమును నెలకొల్పుకొని కన్నడమున కీర్తనలు వ్రాసిరి. వారి బృందావనము నరసింహతీర్థమున నేటికిని పూజలందుచున్నది. పట్టణమున బాబా హైదరు వలీ దర్గా కలదు, అక్కడికి అన్ని మతములవారును పోవుదురు. మా యువకులలో ముగ్గురి తల్లులు పిల్లలకు జ్వరము వచ్చినప్పుడు అక్కడికి మ్రొక్కుకొన్నారట.

ఇప్పుడు 1768వ సంవత్సరమునకు వత్తము. నాకు ఈ కోట చరిత్రలో ఎక్కువ ప్రియమైన ఘట్టము ఇది. రాజుల ఘనతకంటె మనుష్యుల స్వభావము ఇందు బాగుగా కనబడును.

హైదరాలి మన జిల్లావాడే. బంగారుపేట దాపున నున్న బూదికోట అతని జన్మస్థలము. అతని తండ్రి ఫతే మహమ్మదు సమాధి కోలారులోనే కలదు. ఆంగ్లేయులకును హైదరాలికిని మొదటి యుద్ధము జరుగుచుండగా, 1768 నడిమి మాసములలో ఆంగ్లేయులు ముళబాగిలును పట్టుకొనిరి. సేనాపతి కర్నలు స్మిత్తు అక్కడ తన సిపాయిలను కాపుంచెను. కాని చెన్నపట్టణమునుండి యుద్ధభూమికి పంపబడిన దొరతనపు ప్రతినిధులు వారిని తొలగించి, ఆర్కాటు నవాబు మహమ్మదాలీ సైనికులను ఉంచిరి. ఫలితము ఊహింపవచ్చును. నాయకుడు లోబడినాడు, కోట హైదరు చేతికి వచ్చినది. కాగితము ముందు కూర్చున్నవాడు కోట కాపలాను నిర్ణయించినప్పుడు ఎల్లకాలము ఇదే జరుగుచుండును.

అప్పుడు కర్నలు వుడ్డు అను మరియొక అధికారి దానిని తిరిగి పట్టుకొనుటకు వచ్చెను. కింది కోట దొరకినది. మీది కోటకు నిచ్చెనలు వేసి ఎక్కబోయిన అతని మనుష్యులు దెబ్బతిని వెనుకకు దిగిరి. రెండు అంతస్తుల కోట అని ముందు చెప్పితిని గదా, అది అప్పుడు పని చేసినది. మరునాడు, అక్టోబరు 4వ తేదీన, హైదరు స్వయముగా సైన్యముతో వచ్చి పడెను. ఆ బండల నడుమ వరుసలు తీర్చుటకు వీలులేదు. గుర్రము పరుగెత్తదు. ఒక్కొక్క బండ వెనుక ఒక్కొక్క చిన్న యుద్ధము. ఆంగ్లేయుల పక్షము క్షీణించుచుండెను.

సామానులను కాపాడుటకు వెనుక విడువబడిన కెప్టెను బ్రూకు అప్పుడొక ఉపాయము పన్నెను. అతని వద్ద నాలుగు కంపెనీల సిపాయిలు, రెండు ఫిరంగులు, మరి గాయపడినవారును జబ్బుపడినవారును ఉండిరి. చాటుదారిన చుట్టి వచ్చి, ఒక చదునైన బండమీదికి ఆ రెండు ఫిరంగులను ఎక్కించినాడు. వాటిని లాగినవారు ఆ రోగులును క్షతగాత్రులునే. ఎక్కించి, ఒక్కసారి పేల్చి, అందరును గొంతెత్తి "స్మిత్తు! స్మిత్తు!" అని జయధ్వానము చేసిరి. స్మిత్తు అక్కడ లేడు, రానులేదు. కాని ఆ పేరు వినగానే హైదరు సేన, పెద్ద సైన్యము వచ్చినదనుకొని, వెనుకకు తగ్గినది. విచిత్రమేమనగా ఆంగ్లేయులును అట్లే నమ్మి ధైర్యము తెచ్చుకొనిరి. మోసము బయటపడి హైదరు మరల దాడి చేయునప్పటికి వారు మెరుగైన చోటు చూచుకొని నిలదొక్కుకొనిరి. కోట మాత్రము వారికి దక్కలేదు. మరుసటి ఏడు హైదరు మెరుపువలె చెన్నపట్టణపు వాకిట నిలిచి, 1769 ఏప్రిలులో సంధి చేయించుకొన్నాడు.

ఈ కథను మనకు వ్రాసిపెట్టినది మైసూరులో రెసిడెంటుగా నుండిన మార్కు విల్క్సు అను ఆంగ్లేయుడు. అతని గ్రంథమున బ్రూకు పేరు కలదు. ఫిరంగులు లాగిన జబ్బు సిపాయిల పేరు ఒక్కటియు లేదు. చెన్నపట్టణపు పటాలములలో చేరినవారు తెలుగువారును తమిళులును ఎక్కువ. ఎదురుపక్షమున నిలిచిన సిపాయిలలోను ఈ సీమవారు లేకపోరు. ఆ దినమున బండకు ఇరుప్రక్కల ఒకే భాషలో తల్లిని తలచుకొని చచ్చినవారు ఉండియే యుందురు. వారిలో ఎవరి పక్షమున మన పలక నిలుపుదము?

తరువాతి చరిత్ర క్లుప్తము. 1791లో కారన్‌వాలీసు మొగిలి కనుమ ఎక్కి వచ్చి, కోలారును తీసికొని బెంగుళూరుమీదికి పోయెను. 1799లో టిప్పు మరణించిన పిమ్మట కొండకోటలకు పని లేకపోయినది. 1880 తరువాత జాను టెయిలరు కంపెనీవారు బంగారు గనులను లోతుగా త్రవ్వించుట మొదలిడగా, కుప్పము, పలమనేరు, చిత్తూరు వైపులనుండి మన పూర్వులును, ఉత్తర ఆర్కాటునుండి తమిళ సోదరులును వచ్చిరి. కంపన సైన్యము దిగిన కనుమల మీదుగానే వీరు పైకి వచ్చినారు. ఆ గనులును 2001 ఫిబ్రవరితో మూతపడినవి. కోట పాడుపడుటకు ఎన్నియో తరములు పట్టినది. గని ఒక్క తరములో మన కన్నులయెదుటనే శిథిలమైనది.

కాని ఒక్కటి గమనింపుడు. గనులకు వచ్చినవారమే మనమందరమును కాము. ముళబాగిలు, శ్రీనివాసపురము, చింతామణి, బాగేపల్లి పల్లెలలో తెలుగు ఇంటిభాషగా నుండుట గనులకంటె చాల పాతది. కన్నడ శాసనములును, తమిళ శాసనములును, తెలుగు శాసనములును ఈ జిల్లాలో కలిసియే దొరకినవి. 1905లో లూయీ రైసు దొర అచ్చువేయించిన కోలారు జిల్లా శాసన సంపుటము చూచిన ఎవరికైనను ఇది తెలియును. మనము ఇక్కడ నిన్న వచ్చిన అతిథులము అనువారికి ఆ సంపుటమే సమాధానము. ఇది మనదే, ఇతరులది కాదు అనువారికి కూడ అదియే సమాధానము.

కొండ దిగువన మేకలు కాచు ఒక వృద్ధుడు మాకు ఎదురైనాడు. "యా వూరు సామీ మీది?" అని అడిగినాడు. తమక అని చెప్పితిమి. పలక వ్రాయింపదలచిన మన యువకుడే అతనిని, "తాతా, ఈ కోటను ఎవరు కట్టినారు?" అని అడిగెను. వృద్ధుడు కొంతసేపు ఆలోచించి, "కట్టించినోడు యా రాజో నాకు తెల్దు సామీ. రాయి మోసినోళ్ళు మాత్రం ఈ కిందూరోళ్ళే" అనెను. పిమ్మట మేకలను అదలించుకొని పోయినాడు. అతడు మేకలను అదలించినది తెలుగుననే. దారిన పోవు బస్సువానితో మాటాడినది కన్నడమున.

మా వెంట వచ్చిన యువకులు పన్నిద్దరు. అందరి ఇళ్ళలోను తెలుగే. తెలుగు అక్షరములు చదువగలవారు నలుగురు. ఇది నన్ను కూలిన గోడలకంటె ఎక్కువ బాధించినది. ఆ పలకను తెలుగున వ్రాయించినచో, వ్రాయింపుమన్న యువకుడు దానిని చదువలేడు! నేనీ మాట అతనిని ఎత్తిపొడుచుటకు చెప్పుట లేదు. అతడు ఈ సభలోనే యున్నాడు, అతని అనుమతితోనే చెప్పుచున్నాను. పాఠశాలలో కన్నడము చక్కగా నేర్చినాడు. అది అతనికి అడ్డము కాదు, సగము దారి. విజయనగర కాలమున తెలుగు లిపికిని కన్నడ లిపికిని భేదము అత్యల్పము. లక్కన్న కాలపు రాతను ఏ భాషవాడైనను తనదనుకొని చదువ నారంభించును. కన్నడ అక్షరము వచ్చినవానికి తెలుగు అక్షరములు నేర్చుకొనుటకు కొన్ని వారములు చాలును. తలకట్టు, కొన్ని గుణింతములు, కొన్ని ఒత్తులు, అంతియే కొత్తవి.

కనుక పలకకై పోగుచేయ దలచిన చందాను రెండు పనులకు మార్పుడని నా విన్నపము. మొదటిది, ఆదివారముల అక్షరాభ్యాస తరగతి. ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు ఉచితముగ చెప్పుటకు ఒప్పుకొన్నారు. నల్లబల్ల, పలకలు, పుస్తకములు కొనవలెను. రెండవది, ఒక బౌండు పుస్తకము. కొండ కిందనున్న పల్లెలలో ముసలివారు ప్రతి బండకు, ప్రతి మడుగునకు, ప్రతి చెరువుకట్టకు, ప్రతి కాలిబాటకు తెలుగు పేరో కన్నడ పేరో చెప్పగలరు. అవి ఏ రైసు దొర సంపుటములోను చేరలేదు. రాజుల పేర్లు శాసనములలో నున్నవి, ఈ పేర్లు నోళ్ళలోనే యున్నవి. చెప్పినవారు ఏ భాషలో చెప్పిన ఆ భాషలో, చెప్పినది చెప్పినట్లు, వారి ఊరితో తేదీతో వ్రాసికొనవలెను. మన కన్నడ మిత్రులను కూడ పిలువవలెను. వారు రానిదే సగము పేర్లు మనకు అర్థము కావు.

రాబోవు నెల రెండవ ఆదివారమున మరల పోవుటకు నిశ్చయించినాము. తెల్లవారుజామున ఆరు గంటలకు తమక బస్సు నిలుపుచోట కలిసికొనవలెను. వానజల్లు పడిన బండ మిక్కిలి జారును గనుక వాన సూచన యున్నచో యాత్ర మరుసటి వారమునకు వాయిదా పడును. ఒక్కొక్కరు రెండు సీసాల నీరు, ఒక పెన్సిలు తెచ్చుకొనవలెను. రంగు డబ్బాలు మాత్రము ఎవరును తేవలదు.